హెలికాప్టర్ ఇన్‌స్ట్రక్టర్ సరిగ్గా నేర్పుతున్నాడో లేదో తేల్చుకోవడం ఎలా?

హెలికాప్టర్‌లో గంటలు లెక్కపెట్టే చిన్న మీటర్ ఒకటి ఉంటుంది. గంటని పది భాగాలు చేసి చూపిస్తుంది కాబట్టి 6 నిమిషాలకోసారి అంకె మారుతుంది. అమెరికాలో నేర్చుకుంటుంటే అంకె మారినప్పుడల్లా 30 డాలర్ల పైనే ఖర్చయినట్టు. ట్రైనింగ్ మొదటి నెలలో నా చూపంతా దాని మీదే ఉండేది. ఇంటి నుంచి ఫోన్ వచ్చినా అదే ప్రశ్న: "ఏరా, ఎన్ని గంటలయ్యాయి?" ఇరవై రెండు నాన్నా, అనేవాణ్ణి. ఆ 22 గంటల తర్వాత కూడా హోవర్, అంటే నేలకి నాలుగైదు అడుగుల ఎత్తులో కదలకుండా నిలబెట్టడం, నాకు రాదన్న సంగతి మాత్రం మింగేసేవాణ్ణి.

నాకు చెయ్యి తిరగడం లేదనే అనుకున్నాను. ఇన్‌స్ట్రక్టర్ మారాక నాలుగు క్లాసుల్లో హోవర్ వచ్చింది. అప్పుడు అర్థమైంది, అన్నాళ్లూ నేను డబ్బు కట్టింది గంటలకే కానీ చదువుకి కాదని. మీకా నష్టం రాకూడదని ఇది రాస్తున్నాను. నేను నేర్చుకున్నది అమెరికాలో, రాబిన్సన్ ఆర్22 అనే రెండు సీట్ల చిన్న హెలికాప్టర్ మీద. మన పిల్లల్లో చాలామంది వెళ్లేదీ అటే కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తున్నాను. బెంగళూరులో హెచ్ఏఎల్ వాళ్ల రోటరీ వింగ్ అకాడమీ లాంటి చోట చేరినా మీరు చూడాల్సినవి ఇవే.

ముందు ఒక సంగతి తెలుసుకుని వెళ్లండి. మీకు నేర్పే మనిషి తలనెరిసిన గురువు కాకపోవచ్చు. చాలా స్కూళ్లలో ఇన్‌స్ట్రక్టర్ అంటే నిన్నమొన్నటి స్టూడెంటే. టూరిస్టులని తిప్పే కంపెనీలు, సముద్రంలో రిగ్గులకి మనుషుల్ని చేరవేసే కంపెనీలు వెయ్యి గంటల అనుభవం అడుగుతాయి. అంతవరకూ గంటలు పోగుచేసుకునే మార్గం పాఠాలు చెప్పడమే. ఆర్22 మీద నేర్పాలంటే మొత్తం 200 గంటలు, అందులో 50 గంటలు ఆర్22లోనే ఉండాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నియమం. అంటే మీ పక్కన కూర్చున్న మనిషి మీకంటే ఒకటి రెండేళ్లు ముందున్నవాడు, అంతే. ఇది తిట్టడానికి చెప్పడం లేదు. 300 గంటలతో అద్భుతంగా నేర్పేవాళ్లని చూశాను, వేల గంటలుండి కూడా నోరు విప్పనివాళ్లనీ చూశాను. లాగ్‌బుక్‌లో గంటలు చూసి ఇన్‌స్ట్రక్టర్‌ని ఎంచుకోకండి.

1. డబ్బు కట్టకముందు

మొదట మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మెడికల్ చేయించుకోండి. కమర్షియల్ పైలట్లకి కావాల్సిన క్లాస్ 1 రాకపోతే మిగతాదంతా దండగ.

తర్వాత ప్రమాదాల మీద దర్యాప్తు చేసే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ వెబ్‌సైట్‌కి వెళ్లండి. అమెరికాలో జరిగిన విమాన, హెలికాప్టర్ ప్రమాదాల రిపోర్టులన్నీ అక్కడ ఎవరైనా చదువుకోవచ్చు. స్కూల్ ఉన్న ఊరి పేరుతో, వాళ్ల హెలికాప్టర్ల తోక మీదుండే, N అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్లతో వెతకండి. ఒక ప్రమాదం కనిపించగానే ఆ స్కూల్‌ని కొట్టెయ్యకండి. రిపోర్టు చదివి, దాని గురించే ఫోన్ చేసి అడగండి. "అవును, జరిగింది, ఆ తర్వాత ఫలానా పద్ధతి మార్చాం" అన్నారంటే మంచి సూచన. మాట తప్పించారంటే అది కూడా సమాధానమే.

మూడోది బరువు. దీన్ని మనవాళ్లెవరూ అడగరు. ఆర్22 ఎగరగలిగే గరిష్ఠ బరువు 621 కిలోలు. ఖాళీ మెషిన్, రెండు ట్యాంకుల నిండా పెట్రోలు తీసేస్తే మనుషులకి మిగిలేది ఇద్దరికీ కలిపి దాదాపు 155 కిలోలు. మీరు 80, ఇన్‌స్ట్రక్టర్ 90 అయితే ట్యాంకులు నింపడానికి లేదు. సీటుకి కూడా పరిమితి ఉంది, సీటు కింద పెట్టే సామానుతో కలిపి 109 కిలోలు. "నా బరువు ఇంత, నాకు ఎవరిని ఇస్తారు, ఎంత పెట్రోలుతో ఎగురుతాం?" అని అడగండి. చేరాక మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్ కాగితం తీసి ఈ లెక్క మీతో చేయించాలి. చేయించకుండా "పర్లేదు, సరిపోతుంది" అన్నాడంటే ఆ మనిషి మీద ఒక కన్నేసి ఉంచండి.

2. మొదటి ఫ్లైట్‌లో చేతులు ఎవరివో గమనించండి

చేరేముందు అరగంట ట్రయల్ ఫ్లైట్ తీసుకోండి. మీకు ఎగరడం వచ్చా రాదా అన్నది అక్కడ తేలదు, దానికోసం టెన్షన్ పడకండి. మీరు వెళ్లేది ఆ మనిషిని చూడడానికి.

కొత్తవాళ్లకి కంట్రోల్స్ ఇచ్చే ఇలాంటి ఫ్లైట్లలోనే ప్రమాదాలు ఎక్కువ జరుగుతున్నాయని రాబిన్సన్ కంపెనీ తన హ్యాండ్‌బుక్ చివర్లో ఉండే సేఫ్టీ నోటీసుల్లో హెచ్చరించింది. 20వ నంబర్ నోటీసు అది. స్టూడెంట్ కంగారుపడి ఒక్కసారిగా తప్పు దిక్కుకి గట్టిగా లాగితే ఎంత అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ అయినా మెషిన్‌ని కాపాడలేకపోవచ్చని అందులో ఉంది. కాబట్టి ఎగరకముందే, ఇంజిన్ స్టార్ట్ కాకముందే, ఏ కంట్రోల్ ఏం చేస్తుందో, ఎంత సున్నితంగా కదపాలో, మాటల్లో కంట్రోల్స్ ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో మీకు చెప్పి తీరాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం మూడు మాటల్లో జరుగుతుంది. "కంట్రోల్స్ నీవి" అని ఆయన, "నావి" అని మీరు, మళ్లీ "నీవి" అని ఆయన. ఎక్కగానే సరదాగా "ఇదిగో, పట్టుకో" అన్నవాడి దగ్గర చేరకండి. నవ్వుతూ మాట్లాడతాడు, బాగా కలిసిపోతాడు, అయినా సరే.

3. రెండు ప్రశ్నలు అడగండి

కాఫీ తాగుతూ మామూలుగానే అడగండి.

ఒకటి: "ఎగురుతుండగా సైక్లిక్ ముందుకి తోసినప్పుడు శరీరం తేలికైపోయి, మెషిన్ దానంతటదే కుడివైపు ఒరిగితే ఏం చెయ్యాలి?" సైక్లిక్ అంటే మెషిన్‌ని ముందుకీ వెనక్కీ పక్కలకీ నడిపే కర్ర. ఈ పరిస్థితిని లో-జీ అంటారు. ఎవరికైనా మొదట తోచేది ఎడమకి లాగడం. ఆర్22 లాంటి రెండు రెక్కల రోటర్‌కి ప్రాణాంతకమైన తప్పు అదే. రోటర్ మీద అప్పుడు బరువు ఉండదు కాబట్టి ఎడమకి లాగినా ఒరగడం ఆగదు, రోటర్ మధ్యభాగం నిలువు షాఫ్ట్‌కి కొట్టుకుని అది విరిగిపోవచ్చు. ముందు సైక్లిక్‌ని మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్ మీదకి బరువు రానివ్వాలి, ఆ తర్వాతే ఒరుగుని సరిచేసుకోవాలి. ఈ వరుస ఎందుకో బొమ్మ గీసి చెప్పగలిగితే మంచి గురువు. "పద, గాల్లో చూపిస్తా" అన్నాడంటే అక్కడితో దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. అది గాల్లో చేసి చూపించకూడనిది, నేల మీద కూర్చుని నేర్పాల్సింది.

రెండోది: "వోర్టెక్స్ రింగ్ స్టేట్ నుంచి ఎలా బయటపడతావు?" తక్కువ స్పీడులో, పవర్ మీదే, నిటారుగా దిగుతున్నప్పుడు హెలికాప్టర్ తను కిందికి నెట్టిన గాలిలోనే తను ఇరుక్కుని ధబాలున జారడం ఇది. పాత పద్ధతిలో ముక్కు కిందికి వంచి ముందుకి బయటపడతారు. స్విట్జర్లాండ్ పైలట్ క్లాడ్ వూషార్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతిలో పవర్ పెంచుతూ పక్కకి తప్పుకుంటారు, ఎత్తు తక్కువ నష్టపోతారు. రెండూ చెప్పి, తను ఏది నేర్పుతాడో, ఎందుకో చెప్పాలి. ఒకటే తెలుసు, రెండోదాని పేరు వినలేదు అంటే తన లైసెన్సు వచ్చాక ఆ మనిషి పుస్తకం తెరవలేదన్నమాట.

మనలో ఇంకో ఇబ్బంది ఉంది. గురువుని ప్రశ్న అడగడం ఎదురుమాట్లాడడం అనుకుంటాం. నేనైతే మొదటి నెలంతా ప్రతిదానికీ "యెస్ సర్" అనేవాణ్ణి. అర్థమైనా అదే, కాకపోయినా అదే. నా ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే అర్థమైందనుకుని ముందుకెళ్లిపోయేవాడు. అక్కడ పేరు పెట్టి పిలుస్తారు, "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఈ వాక్యం బయల్దేరేముందే ఇంట్లో అలవాటు చేసుకోండి.

4. క్లాసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడండి

నా మొదటి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర క్లాసు హెలికాప్టర్ పక్కన మొదలయ్యేది. "ఈరోజు ఏం చేద్దాం?" అని నన్నే అడిగేవాడు. దిగాక లాగ్‌బుక్‌లో సంతకం, "గుడ్ జాబ్," అంతే. తర్వాతి స్టూడెంట్ అప్పటికే హెల్మెట్‌లా హెడ్‌సెట్ పెట్టేసుకుని నిలబడి ఉండేవాడు.

ఆర్22 లోపల ఇంజిన్ చప్పుడు, రేడియోలో టవర్ వాళ్ల మాటలు, వేడి, భయం. కొత్త విషయం బుర్రకెక్కే చోటు కాదది. అక్కడ వివరిస్తున్నాడంటే మీటర్ తిరుగుతుండగా వివరిస్తున్నాడన్నమాట. కాబట్టి ఇలా అడిగి పెట్టుకోండి. ఎగరడానికి ముందు కనీసం 20 నిమిషాలు బల్ల దగ్గర కూర్చోవాలి. ఈరోజు చేసే రెండు మూడు పనులేంటి, ఒక్కోదాంట్లో ఏ అంకెలు నిలబెట్టాలి, నేను ఎక్కడ తప్పు చేసే అవకాశం ఉంది. దిగాక మళ్లీ బల్ల దగ్గరికే రావాలి. అక్కడ ముందు మాట్లాడాల్సింది మీరు. "నీకెలా అనిపించింది?" అని అడిగి, మీరు చెప్పింది పూర్తిగా విని, అప్పుడు తను చూసింది చెప్పేవాడు మంచి ఇన్‌స్ట్రక్టర్. చెక్‌రైడ్‌లో, అంటే లైసెన్సు కోసం గాల్లో పెట్టే పరీక్షలో, దేనికి ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో రాసిన ప్రమాణాల పుస్తకం ఎఫ్ఏఏ సైట్‌లో ఉచితంగా ఉంది. ప్రింట్ తీసుకుని డీబ్రీఫింగ్‌లో ముందు పెట్టండి. "బాగానే చేశావు" అన్న మాట "ఎత్తు వంద అడుగులు తప్పావు" అన్న మాటగా మారుతుంది.

నేల మీద చెప్పే పాఠానికి కూడా డబ్బు తీసుకుంటారు, అది గాలిలో గంటకి అయ్యేదాంట్లో చిన్న భాగం. అక్కడ పిసినారితనం చూపించకండి.

5. ఆ హోవర్ నాదా, మీదా?

ఆర్22లో సైక్లిక్ మన బైకు హ్యాండిల్‌లా కాదు, మధ్యలో ఒక కర్ర, పైన అడ్డంగా ఒక బార్, దానికి రెండు వైపులా రెండు పిడులు ఉంటాయి. బార్ త్రాసులా ఊగుతుంది. మీ వైపు పిడిని తొడ మీదకి దించుకుంటే ఆయన వైపుది పైకి లేస్తుంది. అందువల్ల ఒక మేలుంది: ఆయన చెయ్యి ఎక్కడుందో ఓరకంట చూస్తే కనిపిస్తుంది.

నా మొదటి 22 గంటలూ ఆ చెయ్యి పిడి మీదే ఉంది. నేను చూడలేదు. నేను ఒక అంగుళం ఎక్కువ తోస్తే ఆయన ఒక అంగుళం వెనక్కి లాగేవాడు, మెషిన్ నిలబడేది, నేను నిలబెట్టాననుకునేవాణ్ణి. కొత్త ఇన్‌స్ట్రక్టర్ ఒకావిడ. మొదటి రోజే, "ఇంతవరకూ నువ్వు హోవర్ చేసినవాటిలో ఎన్ని నీవి?" అని అడిగింది. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. గాల్లోకి లేచాక తన చేతిని పిడి చుట్టూ తాకీ తాకకుండా ఉంగరంలా ఉంచింది. రెండు సెకన్లలో మెషిన్ ఎడమకి, ఆ వెంటనే అంతకు రెట్టింపు కుడికి ఊగింది. ఆవిడ పట్టుకుంది, నిలబెట్టింది, ఏమీ అనలేదు. తర్వాత సైక్లిక్, కలెక్టివ్ (మెషిన్‌ని పైకీ కిందికీ నడిపే లివర్) తన దగ్గరే ఉంచుకుని, ముక్కుని పక్కకి తిప్పే పెడల్స్ మాత్రమే నాకిచ్చింది. ముక్కుని ఎదురుగా దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు వైపు నిలబెట్టడమే పని. అది కుదిరాక కలెక్టివ్ ఒక్కటే. సైక్లిక్ చివర్న ఇచ్చింది. కళ్లు స్కిడ్స్ (కింద నేలకి ఆనే కడ్డీలు) దగ్గరికి రాగానే "ట్యాంకు" అనేది. ఆ ఒక్క మాటే. నాలుగో క్లాసులో ఆవిడ రెండు చేతులూ తన మోకాళ్ల మీదకి దిగాయి, అవి చూశానన్న కంగారులో మళ్లీ ఊగాను, అది వేరే సంగతి.

మీరు కూడా దిగాక అడగండి: "ఆ హోవర్ నాదా, మీదా?" ప్రతి క్లాసులోనూ కొంతసేపు తను అసలు తాకకుండా ఉండమని అడగండి. మొదటి గంటల్లో చెయ్యి దగ్గరగా ఉండాల్సిందే, ఉండకపోతే అది నిర్లక్ష్యం. దగ్గరగా ఉండడం వేరు, నొక్కి ఉంచడం వేరు.

6. ఆటోరొటేషన్ రోజు

ఇంజిన్ ఆగిపోతే, పడుతున్న వేగంతో కింది నుంచి వచ్చే గాలితోనే రోటర్‌ని తిప్పుకుంటూ దిగడం ఇది. ఆర్22 రోటర్ తేలిక, స్పీడు చటుక్కున పడిపోతుంది. కలెక్టివ్ దించడానికి మీకు దొరికేది సుమారు ఒక సెకను. దీన్ని నేర్పే తీరు చూస్తే ఇన్‌స్ట్రక్టర్ సంగతంతా తెలిసిపోతుంది.

కొందరు చెప్పాపెట్టకుండా థ్రాటిల్ మూసేస్తారు, "నిజంగా ఆగితే ఎవరూ చెప్పి ఆపరుగా" అని వాదిస్తారు. ఇలాంటి సర్‌ప్రైజ్‌లు ప్రాణాలు తీస్తాయని రాబిన్సన్ వాళ్లు దీనికే ఒక నోటీసు ఇచ్చారు. ఇన్‌స్ట్రక్టర్ ముందు స్టూడెంట్‌ని సిద్ధం చేయాలి, ఇన్‌స్ట్రక్టర్ చేతులు కంట్రోల్స్ మీద తేలిగ్గా ఉండాలి, థ్రాటిల్‌ని మెల్లగా తిప్పాలి, "పవర్ ఫెయిల్యూర్" అని నోటితో చెప్పాలి. ఇంకో నోటీసు 100 అడుగుల ఎత్తు గురించి. అక్కడికి వచ్చేసరికి రోటర్ స్పీడు మీటర్ మీదుండే పచ్చగీత మధ్యలో, వేగం 60 నుంచి 70 నాట్ల మధ్య నిలకడగా, దిగే వేగం మామూలుగా, అంటే నిమిషానికి 1500 అడుగుల లోపు, తిరగాల్సిన మలుపులన్నీ పూర్తయి ఉండాలి. ఒక్కటి తప్పినా వెంటనే పవర్ తీసుకుని లేచిపోవాలి. వరుసగా మూడో నాలుగో మించి చేయొద్దని కూడా అందులోనే ఉంది, ఎందుకంటే ఎక్కువ ట్రైనింగ్ ప్రమాదాలు వరుసగా చాలా చేశాక జరుగుతున్నాయి. "ఇంకొక్కటి, సరిగ్గా వచ్చేదాకా" అంటున్నది మీరైనా ఆయనైనా, నాలుగు అయ్యాక ఆపెయ్యండి.

ఇన్‌స్ట్రక్టర్ అలసట కూడా లెక్కలోకి తీసుకోండి. 24 గంటల్లో 8 గంటలకి మించి గాల్లో నేర్పకూడదని ఎఫ్ఏఏ నియమం. బుకింగ్ చేసేటప్పుడు "ఈరోజు నేను మీకు ఎన్నోవాణ్ణి?" అని అడగడంలో తప్పు లేదు. ఆటోరొటేషన్ పొద్దున్న స్లాట్‌లో పెట్టుకోండి.

7. సోలోకి ముందు, వాతావరణం బాగోని రోజున

ఆర్22లో కనీసం 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరకుండా సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపకూడదు. 20 నిండగానే పంపాలనీ లేదు. ఆయన దిగిపోయాక ఎడమ సీటు ఖాళీ, మెషిన్ తేలిక, బరువు కుడికి జరుగుతుంది. లేచేటప్పుడు సైక్లిక్ అలవాటైన చోట ఉండదు. ఇది ముందే చెప్పి పంపారా లేదా అన్నది చూడండి. నాకు చెప్పారు. అయినా గుండె ఆగినంత పనైంది.

మా అమ్మ మాత్రం హెలికాప్టర్ అనగానే 2009 సెప్టెంబర్ 2 గుర్తు చేసేది. వై.ఎస్. రాజశేఖరరెడ్డితో నల్లమలలో కూలిన ఆ బెల్ 430కి రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. ఆ రోజు వర్షం, మబ్బులు. మన ఇళ్లలో ఆ భయం ఊరికే లేదు. అందుకే చెప్తున్నాను, మీ ఇన్‌స్ట్రక్టర్ క్లాసు రద్దు చేసిన రోజు విసుక్కోకండి. రద్దు చేసి ఇంటికి పంపేశాడా, లేక కూర్చోబెట్టి వాతావరణ రిపోర్టు చేతికిచ్చి "నువ్వైతే ఏం చేసేవాడివి, ఏ అంకె చూసి?" అని అడిగాడా? ఆ రెండోవాడు దొరికితే వదులుకోకండి. నెలల తరబడి ఒక్క క్లాసూ రద్దు కాలేదంటే మాత్రం ఆలోచించాల్సిందే.

8. కుదరకపోతే మార్చమని అడగండి

మూడు క్లాసులు వరుసగా అదే తప్పు, అదే సలహా, మార్పు లేదు అనుకోండి. ముందు ఆయనతోనే మాట్లాడండి: "ఇది ఇంకో రకంగా చెప్పగలవా?" ఇంకో రెండు క్లాసులు చూసి, అప్పుడు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లి మార్పు అడగండి. నింద వేయక్కర్లేదు, "నాకు ఇంకొకరితో ఒక క్లాసు కావాలి" అంటే చాలు. ఆ రంగంలో ఇది మామూలే. నేను మొహమాటపడి మూడు వారాలు ఆలస్యం చేశాను, ఆ మొహమాటం ఖరీదు డాలర్లలో లెక్కేస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మా పాత ఇన్‌స్ట్రక్టర్ నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యి ఊపేవాడు, పాపం.

మీరు అడక్కపోయినా ఇన్‌స్ట్రక్టర్ మారొచ్చు, ఉద్యోగం దొరకగానే వెళ్లిపోతారు. కాబట్టి చేరిన రోజే సిలబస్ కాపీ తీసుకోండి, ఏ పాఠం పూర్తయిందో, ఏది మిగిలిందో మీ దగ్గర మీరే రాసుకోండి. కొత్తగా వచ్చినవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి అవకాశం ఇవ్వకండి. ఒకేసారి మొత్తం ఫీజు కట్టడం కూడా ఇందుకే వద్దు, నెలకి సరిపడా కడుతూ ఉండండి.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయించి సంతకం తీసుకోండి. మన దగ్గర కమర్షియల్ లైసెన్సుకి డీజీసీఏ 150 గంటలు అడుగుతుంది, రేపు వెళ్లిపోయిన మనిషి సంతకం కోసం మీరు ఖండాలు దాటి వెతకలేరు. రిమార్క్స్ గడిలో "డ్యూయల్, 1.1" (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి 1.1 గంటలు) అని వదిలెయ్యకుండా ఆ రోజు ఏం చేశారో, ఏది రాలేదో ఒక వాక్యం రాయమనండి. ఆ పేజీ ఫొటో తీసి ఇంటికి పంపండి. నేను పంపడం మొదలుపెట్టిన వారానికి మా నాన్న ఫోన్‌లో గంటల సంగతి ఎత్తలేదు. "ఈ ఆటోరొటేషన్ అంటే ఏంట్రా? నాలుగోది మళ్లీ చెయ్యాలి అని రాశారు, ఏమైంది?" అన్నారు.